మన్యపు పితూరీ: తొలి పోరాటములు, తుపాకుల లెక్క

పితూరీ అను మాటకు తెలుగున రెండు అర్థములు కలవు. అధికారియెదుట ఒకరిమీద చెప్పుకొను ఫిర్యాదు ఒకటి. అధికారిమీదనే లేచు తిరుగుబాటు రెండవది. అరబ్బీ మూలముగల యీ పదము కచేరీల వ్యవహారమునుండి జనుల నోళ్ళలోనికి దిగినది. నేటి వాడుకలో మొదటి అర్థమే బలముగా నిలిచినది. పితూరీలు చెప్పుట యనగా చాడీలు చెప్పుటయే. రెండవ యర్థమునకు గూడెము, రంప కొండల చరిత్రయే ఇంచుమించుగా కడపటి ఆశ్రయము. 1922 ఆగష్టులో అచట మొదలై 1924 వేసవివరకు సాగిన పోరును మదరాసు ప్రభుత్వము తన కాగితములలో పితూరీ యనియే వ్రాసికొన్నది. మన చరిత్రకారులును చాలకాలము ఆ పేరునే పట్టుకొని వచ్చిరి.

పేరు పెట్టుటలో ఒక రాజకీయము కలదు. యుద్ధమనినచో ఎదుట ఒక పక్షము కలదని ఒప్పుకొనవలసి వచ్చును. పితూరీ యనినచో అది పోలీసుల పని. ఠాణాలు, వారంటులు, బహుమానముల ప్రకటనలతో తీరిపోవు వ్యవహారము. అయినను ఈ 'పోలీసుల పని'కి మలబారునుండి ప్రత్యేక దళమును, తరువాత 1924 ఆరంభమున అస్సాము రైఫిల్సును రప్పింపవలసి వచ్చినది. కనుక పేరునకును పనికిని పొత్తు కుదరలేదని చెప్పుట కష్టము కాదు. కాని అంతమాత్రమున దీనిని యుద్ధమని నిరూపించినట్లు కాదు. దానికి తొలి పోరాటములనే దగ్గరగా పరిశీలింపవలెను. పోరు ఎట్లు మొదలైనది, మొదటి దెబ్బ దేనిమీద పడినది, ఆ దెబ్బవలన ఏమి చేజిక్కినది అను మూడు ప్రశ్నలకు 1922 ఆగష్టు మొదలు డిసెంబరు వరకు గల నాలుగు నెలలు స్పష్టమైన సమాధానములు చెప్పుచున్నవి. ఆ పోరు నడకను, దాని హద్దును గూడ తుపాకుల లెక్కయే నిర్ణయించినదని మా అభిప్రాయము.

ఓరుగంటిలో ఉండి మన్యపు కథ ఏల యని అడుగువారు ఉండవచ్చును. ఆనాడు గోదావరికి ఈవలిది నిజాము ఏలుబడిలోని వరంగల్లు సుబా. ఆవలిది మదరాసు రాజధానిలోని ఏజెన్సీ. నడుమ నది హద్దు గాని, అడవి హద్దు కాదు. రెండు తీరములందును కోయలు, కొండరెడ్లు పోడుకొట్టుకొని బ్రతికినవారే. రెండుచోట్లను అటవీశాఖల తాకిడి తగిలినవారే. ఇంతకన్న ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. ఇరువదినాలుగేండ్ల పిమ్మట మన ప్రాంతముననే మరియొక సాయుధపోరాటము మొదలైనది. దాని మొదటి ఘట్టమును మన్యపు మొదటి ఘట్టము ప్రక్కన ఉంచి చూచినచో రెండును తేటపడును. ఆ ప్రస్తావన ముందు రాగలదు.

పోరునకు గల కారణములు పలువురు వ్రాసినవే గనుక క్లుప్తముగా చెప్పెదము. 1882 నాటి మదరాసు అటవీచట్టముతో పోడు వ్యవసాయమునకును, అడవి పంటల సేకరణకును, పశువుల మేపునకును ఆటంకములు ఏర్పడినవి. కొండ గ్రామముల సమూహములపై వంశపారంపర్యముగా అధికారము నెరపుచు వచ్చిన ముఠాదారులు క్రమముగా ప్రభుత్వపు దయమీద ఆధారపడిన ఉద్యోగులవంటి వారైరి. 1879లో రంపలో పెద్ద తిరుగుబాటు లేచినది. కల్లుగీతపై ఆంక్షలును, మన్సబుదారు వసూళ్ళును దానికి తక్షణకారణములు. దానికి ముందును వెనుకను చిన్నవి అనేకములు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1839 మొదలు 1924 వరకు గల యీ తిరుగుబాట్లనన్నింటిని ఒకే పరంపరగా గ్రహించి చర్చించినాడు. ఆ దృష్టి మెచ్చదగినదే. అయినను పరంపరలో చేర్చుటవలన 1922 నాటి విశేషము కొంత మరుగుపడుచున్నదని మాకు తోచుచున్నది.

ఆ విశేషము పితూరీ యను మాటలోని రెండర్థముల నడుమనే ఉన్నది. నర్సీపట్నమునుండి కొండలమీదికి బాట వేయించు పనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కొండవారిచేత వెట్టికి సమమైన కూలికి పనిచేయించెను. పని చేసినవారును, ముఠాదారీ కోల్పోయిన గాము గంతన్న దొర మొదలగువారును మొదట పట్టినది విల్లు కాదు, అర్జీ. పైయధికారులకు మొరపెట్టుకొనిరి, ఫలము లేకపోయెను. మైదానమునుండి వచ్చి కృష్ణదేవిపేట ప్రాంతమున తాపసివలె నివసించుచు, కొండవారికి మద్యము మానుడనియు, తగవులు పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు బోధించుచుండిన అల్లూరి సీతారామరాజు ఈ మొరలకు నడుమ నిలిచెను. 1922 ఆరంభములో ప్రభుత్వము ఆయనను అనుమానించి కొంతకాలము నిఘాలో ఉంచినది కూడ. పితూరీ మొదటి యర్థము విఫలమైన తావుననే రెండవ యర్థము మొదలైనది.

కాలమును గుర్తింపవలెను. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనులు పోలీసు ఠాణాను తగులబెట్టగా 22 మంది పోలీసులు మడిసిరి. గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమును నిలిపివేసెను. అదే నెల 22న పల్నాటిలో పుల్లరి నిరాకరణోద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు కాల్పులలో నేలకొరగెను. మైదానములందు ఉద్యమము చల్లారిన ఆరు నెలలకు మన్యమున మూడు ఠాణాలపై దాడి జరిగినది. ఠాణా యను గురి ఒక్కటియే యైనను చౌరీచౌరాకును చింతపల్లికిని సామ్యము అంతటితో సరి. అచట రేగిన జనము కోపముతో ఠాణాను కాల్చినది. ఇచట ఒక దళము ఠాణాలోని ఆయుధములకొరకు వచ్చి, వానిని తీసికొని, మనుష్యులను ప్రాణములతో విడిచి వెడలిపోయినది.

ఇక తుపాకుల ప్రసక్తి. 1878 నాటి ఆయుధచట్టము పిమ్మట మనదేశమున జనుల చేతిలో తుపాకి అరుదయ్యెను. కొండలలో వేటకు పనికివచ్చు నాటుతుపాకులు కొన్ని ఉన్నను, విల్లంబులే సామాన్యుని ఆయుధములు. తుపాకి యున్నచోటు ఒక్కటియే: ఠాణా. వలసరాజ్యములమీద లేచిన ఇతర పోరాటములతో పోల్చిన ఈ భేదము బాగుగ కానవచ్చును. 1775 ఏప్రిల్ 19న అమెరికాలో లెక్సింగ్టన్, కాంకర్డ్ గ్రామములకడ స్వాతంత్ర్యసమరపు తొలి కాల్పులు మ్రోగుటకు హేతువేమి? వలసల జనులు కాంకర్డునందు మందుగుండు సామగ్రి నిలువచేసికొనిరి. దానిని పట్టుకొనుటకు సుమారు 700 మంది బ్రిటిషు సైనికులు బోస్టనునుండి బయలుదేరిరి. అచట ఆయుధములు ప్రజలయొద్ద ఉన్నవి గనుక ప్రభుత్వమే వానిని వెదకుకొనుచు వచ్చినది. ఐర్లండున 1919 జనవరి 21న సోలోహెడ్‌బెగ్ కడ పోలీసు కాపలాలో పోవుచున్న ప్రేలుడు సామగ్రిని విప్లవకారులు కొల్లగొట్టిరి. ఇద్దరు పోలీసులు మరణించిరి. అచట ఆయుధములు ప్రభుత్వముయొద్ద ఉన్నవి గనుక ప్రజలే వానికై వచ్చిరి. మన్యము ఈ రెండవ కోవలోనిది. తుపాకి ఎవరి యింట నున్నదో వారి గుమ్మమున యుద్ధము మొదలగును.

1922 ఆగష్టు 22, మంగళవారము. పంచాంగమును లెక్కించి చూచిన అది దుందుభి నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. వానలకాలము, వాగులు పొంగి, పొదలు బలిసి, బాటలు బురదయై, మైదానపు పోలీసు అడుగు తీసి అడుగు వేయలేని దినములు. తిథిని ఎంచియే దాడిని నిర్ణయించిరని మేము అనము. కాని ఋతువును ఎంచుటలో యుద్ధవిద్య తెలిసిన బుద్ధి కనబడుచున్నది. ఆనాడు సుమారు 300 మంది చింతపల్లి ఠాణాపై బడిరి. 11 తుపాకులు దొరికినవి. మరునాడు, ఆగష్టు 23న, కృష్ణదేవిపేట, 7 తుపాకులు. ఆ మరునాడు, 24న, రాజవొమ్మంగి, 8 తుపాకులు. రాజవొమ్మంగిలో మాత్రము కొంత ప్రతిఘటన ఎదురైనది. అచట నిర్బంధములో నుండిన వీరయ్య దొరను దళమువారు విడిపించుకొని పోయిరి.

మూడు దినములు, మూడు ఠాణాలు. కొండదారులు ఎరిగినవారికి ఈ వరుసలోని అర్థము తెలియును. చింతపల్లి కొండమీద, విశాఖపట్టణపు ఏజెన్సీలోనిది. కృష్ణదేవిపేట కొండపాదమున ఉన్నది. రాజవొమ్మంగి గోదావరి ఏజెన్సీలోనిది. ఒక ఠాణా వార్త మరియొక ఠాణాకు చేరి, అచటివారు ఆయుధములను తరలించులోపల దళము అచటికి చేరవలెను. జిల్లాలు రెండు గనుక ఇద్దరు పోలీసు సూపరింటెండెంట్లు ఒకరితో నొకరు సంప్రదించుకొనునప్పటికి పని ముగియవలెను. ఇది కోపముతో రేగిన గుంపు చేయగల పని కాదు. కాలమును, దూరమును, వార్త నడచు వేగమును లెక్కవేసినవాడు చేయు పని. దోచిన ఆయుధముల వివరములను సీతారామరాజు తన చేవ్రాలుతో వ్రాసి ఠాణాలో విడిచి వెళ్ళెడివాడు. దొంగ రసీదు ఇచ్చునా? ఎదిరిపక్షము ఆయుధములను స్వాధీనము చేసికొని ఇచ్చు పత్రమువంటిది ఇది. పితూరీ కాదు యుద్ధమనుటకు మాకు ఇంతకన్న గట్టి సాక్ష్యము అక్కరలేదు.

ఇచట పరిశోధక విద్యార్థులకు ఒక మాట. ముందుగా మిరపకాయ కట్టిన టపా పంపి మరీ దాడిచేసినాడన్న కథ జనుల నోట గట్టిగా నాటుకొన్నది. బుర్రకథలును, 1974 నాటి చలనచిత్రమును దానికి మరింత బలము నిచ్చినవి. ముందు తెలిపి వచ్చుట తరువాతి నెలలలో జరిగినమాట నిజము. కాని తొలి మూడు దాడుల బలమంతయు చెప్పకుండ వచ్చుటలోనే ఉన్నది. వీరగాథ అన్నిటిని ఒకే రంగున అద్దును; నాయకుడు ఎప్పుడు చెప్పి వచ్చెను, ఎప్పుడు చెప్పక వచ్చెను అను భేదమును విడదీయుట చరిత్ర పని. ఆ భేదమునకు కారణము కూడ తుపాకుల లెక్కలోనే దొరకును.

లెక్క ఇది: 11, 7, 8 కలిసి 26 తుపాకులు, రమారమి 2,500 గుండ్లు. దళము 300 మంది యనుకొన్నచో పదునొకండుగురికి, పండ్రెండుగురికి ఒక తుపాకి. తుపాకి ఒక్కింటికి నూరు గుండ్లకు లోపు. తక్కినవారికి విల్లంబులే దిక్కు. తుపాకిని పలుమారులు వాడవచ్చును; గుండు ఒక్కమారే. గుండ్లు చేయు కర్మాగారము కొండలలో లేదు. కొనుటకు అంగడి లేదు. సముద్రముమీదుగ పంపు మిత్రరాజ్యము లేదు. అమెరికావారికి పిమ్మట ఫ్రాన్సు తోడ్పడినది. మన్యమునకు గోదావరి ఆవలి ఒడ్డునుండియైనను ఒక బస్తా మందు వచ్చినట్లు కనబడదు. ఈ 2,500 గుండ్లతో ఒక సామ్రాజ్యముపై ఎన్నాళ్ళు పోరాడవచ్చును? ఈ ప్రశ్న సీతారామరాజును మొదటి దినమునుండియు వెన్నాడియే యుండును.

సెప్టెంబరు నెలలో ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానము కానవచ్చును. ఠాణాలపై దాడి వార్త వినగనే ప్రభుత్వము దళములను కొండలకు పంపినది. సెప్టెంబరు మొదటివారమున ఓంజేరి కనుమలో ఒక ఘర్షణ జరిగినది. 24వ తేదీన దామనపల్లి కనుమలో జరిగినది వేరు రకము. దేవీనవరాత్రుల దినములవి. స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్ల పోలీసు అధికారులు దళముతో ఆ ఇరుకుదారిని పోవుచుండిరి. పైని పొంచియున్నవారు ముందు నడచిన భారతీయ పోలీసులను పోనిచ్చిరి. వెనుక ఆంగ్లేయులు కనుమలోనికి రాగానే కాల్చిరి. ఇద్దరును అచటనే ప్రాణములు విడిచిరి.

గురి ఎంచుకొనుటలోని ఈ నియమమును మన రచయితలు సీతారామరాజు దేశభక్తికి తార్కాణముగా పేర్కొనుచుందురు. అది తప్పు కాదు. దేశీయుని రక్తము చిందింపరాదని ఆయన తన వారిని ఆజ్ఞాపించియుండెను. సామాన్య పోలీసుకు ప్రభుత్వమునెడ ఉన్న విధేయతను సడలించుటకు అంతకన్న మంచి ఉపాయము లేదు. అయినను ఈ నియమమునకు రెండవ ముఖము కలదు. గుండ్లు తక్కువగా ఉన్నవాడు ప్రతివానిని కాల్చలేడు. ఎవనిని కాల్చిన దళమంతయు చెదరునో వానినే కాల్చవలెను. రాజనీతియు, పొదుపును ఇచట ఒకే ఆజ్ఞలో కలిసినవి. ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే చెప్పువారు సగము కథ చెప్పుచున్నారు. దామనపల్లిలో కొండవారికి దొరికిన ఫలమును గుండ్ల ఖర్చుతో భాగించి చూచినచో ఆ కాలపు పోరాటములలో దానికి సాటి రాగలవి కొద్దియే.

కనుమ యనగానేమో మైదానమువారికి చెప్పుట కష్టము. ఓరుగంటివారమైన మనకు యుద్ధమనగా కోట తలపునకు వచ్చును: మట్టికోట, రాతికోట, అగడ్త. కోటలో నున్నవాడు స్థిరుడు, ముట్టడించువాడు చరుడు. 1323లో ఢిల్లీ సైన్యము మన కోటను గెలిచినది దీర్ఘమైన ముట్టడివలననే. మన్యమున ఈ న్యాయము తలక్రిందులైనది. ఠాణాలును, బాటలును పట్టుకొని స్థిరముగా నున్నది ప్రభుత్వము, కదలుచుండినది కొండదళము. కనుమ గోడలు లేని కోట. దానికి కావలి అక్కరలేదు, ఒక గడియసేపు పట్టుకొని విడిచిన చాలును. పైగా మన్యపు చలిజ్వరము మైదానపు పోలీసులను తుపాకికన్న ఎక్కువగా పడగొట్టుచుండెను.

అక్టోబరు మధ్యలో దళము అడ్డతీగలకును, ఆ వెంటనే రంపచోడవరమునకును వచ్చినది. జనులు ఎదురేగి స్వాగతము పలికిరి. ముందుగా తెలిపి వచ్చుట యను పద్ధతి ఈ దశలోనిది. కాని ఈ రెండు చోట్ల మొదటి మూడు ఠాణాలవంటి ఆయుధలాభము కలుగలేదు. ప్రభుత్వము పాఠము నేర్చుకొన్నది. తుపాకులు లేని ఠాణా కొల్లగొట్టినను ఒక్కటియే, కొల్లగొట్టకున్నను ఒక్కటియే. గుట్టు అక్కరలేనిచోట చాటింపునకు అవకాశము కలుగును. అందుచేతనే ఈ దండయాత్రలను మేము ఆయుధసేకరణగా గాక ప్రభుత్వాధికారము కొండలలో నిలువలేదని జనులకు చూపు ప్రదర్శనలుగా పరిగణించుచున్నాము. వానివలన జనబలము పెరిగినది. గుండ్ల సంచి పెరుగలేదు.

ఆలోగా కొండలకు చేరిన మలబారు ప్రత్యేక పోలీసు దళము సామాన్యమైన పోలీసు కాదు. 1921 నాటి మాప్పిళా తిరుగుబాటు నాడు ఏర్పడి, అడవియుద్ధపు అనుభవము గడించినది. దానియొద్ద లూయీ యంత్రపుతుపాకులు ఉండెను. లూయీ తుపాకి నిమిషమునకు 500 గుండ్లకు తక్కువ కాకుండ కాల్చగలదు. మూడు ఠాణాలలో దొరికిన గుండ్లన్నియు అట్టి తుపాకి ఒక్కదానికి అయిదు నిమిషముల మేత. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెముకడ ఈ దళమునకును కొండదళమునకును పోరు జరిగినది. అది కనుమ కాదు, వరిచేల తావు. కొండవారికి అలవాటైన చాటు అచట లేదు. అచటినుండి తప్పించుకొన్నవారిపై లింగాపురముకడ మరల దెబ్బ పడినది. రెండుచోట్ల కలిసి పండ్రెండుగురి దాకా కొండవారు మరణించిరి. కొన్ని తుపాకులును పోయినవి. మరణించిన వీరుని స్థానమున నిలువ మరియొకడు వచ్చును. పోయిన తుపాకి స్థానమున మరియొకటి రాదు. ఈ యోటమి తరువాత కొన్ని నెలలపాటు దళము పెద్ద దాడులకు పూనుకొనలేదు.

ఇప్పుడు మన ప్రాంతపు ఉదాహరణము. 1946 జూలై 4న కడవెండి గ్రామమున (నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకా, 1953లో వరంగల్లు జిల్లాలో చేరినది) విసునూరు దేశముఖు మనుష్యులు జనుల ఊరేగింపుపై కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరగెను. అచట జనులు పట్టినవి కర్రలు, వడిసెలలు. తుపాకి దొరయొద్దనే యున్నది. మన్యములో పోరు ఆయుధములను పట్టుకొనుటతో మొదలైనది. తెలంగాణములో నిరాయుధులమీది కాల్పులతో మొదలై, తుపాకి జనుల చేతికి తరువాత వచ్చినది. అందుచేత తెలంగాణపు పోరు గ్రామగ్రామమునకు వ్యాపించునంతటి జనసంఘములు ఏర్పడిన పిమ్మట ఆయుధదశకు చేరినది. మన్యమున ఆయుధదశ ముందు వచ్చి, జనసంఘమునకు కాలము చాలలేదు. చిట్టగాంగులో 1930 ఏప్రిల్ 18న ఆయుధాగారములను పట్టుకొన్న యువకులకు తుపాకులు దొరికినవి గాని వానికి తగిన గుండ్లు దొరకలేదన్న సంగతి కూడ ఇచట స్మరింపదగినది. వారి సాహసము మన్యపువారి సాహసమునకు తీసిపోదు. కాని తుపాకులతోపాటు గుండ్లను గూడ పట్టుకొని రాగలుగుట మన్యపువారి అదృష్టమో, ముందుచూపో!

1923 ఏప్రిల్ 17, 18 తేదీలలో సీతారామరాజు కొండలు దిగి అన్నవరము వచ్చెను. సత్యనారాయణస్వామి కొండ యది. మదరాసు-కలకత్తా రైలుబాట ప్రక్కనే. కొండవారి పోరు మైదానమున రైలుకూత వినబడునంత దూరమునకు వచ్చుట ప్రభుత్వమునకు దిగులు పుట్టించినది. జనులు ఆయనను భక్తితో చూచిరి. ఠాణాలో ఆయుధములు దొరకలేదు. తనకు మనుష్యుల కొరత లేదనియు, కావలసినవి తుపాకులును మందుగుండునే యనియు, అవి దొరికినచో రెండేండ్లలో ఈ ప్రభుత్వమును పడద్రోయగలననియు ఆయన అచట ఒక గృహస్థుతో చెప్పినట్లు నమోదైయున్నది. తరువాత దళము మరల కొండలెక్కినది.